బోడి మామిడి మేష్టారు

మా వీధిలో నాకు చాటున ఒక పేరుంది. ఉద్యోగమంతా లెక్కలు చెప్పినందుకు వచ్చిన పేరు కాదది. ఆ మధ్య కొరియర్ కుర్రాడు ఇల్లు దొరక్క తిరుగుతుంటే, కిళ్ళీకొట్టు అతను "ఎవరూ, బోడి మామిడి మేష్టారేనా? కుడిచేతి వైపు మూడో గేటు" అని చెప్పి పంపాడట. కుర్రాడు అమాయకంగా ఆ మాట నాకే చెప్పాడు. కిళ్ళీకొట్టు అతన్ని నేనేమీ అనలేను. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే. రంపం పట్టుకుని, నిచ్చెనెక్కి, పట్టపగలు పదిమందీ చూస్తుండగా.

రిటైరయ్యాక రాజమండ్రి ఊరి చివర ఇల్లు కట్టుకున్నాం. వెనక కాస్త పెరడు మిగిలింది. కడియం నర్సరీలు పక్కనే ఉంచుకుని పెరడు ఖాళీగా ఉంచేవాడు ఈ జిల్లాలో పుట్టినట్టే కాదు. ఆటో మాట్లాడుకుని వెళ్ళి అలహాబాద్ సఫేదా జామ ఒకటి, కొత్తపల్లి కొబ్బరి మామిడి అంటు ఒకటి, బత్తాయి ఒకటి, గోడవారకి ఓ సీతాఫలం తెచ్చేశాను. కొత్తపల్లి కొబ్బరి మా ఆవిడ పట్టుబట్టి తెప్పించింది. ఆవకాయకి దాన్ని మించిన కాయ లేదనీ, ముక్క ఏడాది తిరిగినా గట్టిగా ఉంటుందనీ ఆవిడ వాదన. ఈ వాదన కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత నా మెడకి చుట్టుకుంటుంది.

నర్సరీ అతను మామిడి అంటు చేతికిస్తూ, "మేష్టారండీ, నిలదొక్కుకున్నాక నడుమెత్తున తల తుంచెయ్యండి. పక్కలకి కొమ్మలేస్తుంది. మంచివి మూడో నాలుగో ఉంచుకుని మిగతావి తీసెయ్యండి" అన్నాడు. అలాగే అన్నాను. తుంచలేదు. కళకళలాడుతూ ఎదిగే మొక్క తల తుంచడానికి నాకు చెయ్యి రాలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఎంతమంది తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెప్పానో లెక్కలేదు. ఆ సామెత అచ్చంగా మొక్కల గురించి కూడా కావచ్చని మాత్రం తట్టలేదు. చెట్టు కొనమొగ్గ, కింద ఉన్న పక్క మొగ్గల్ని అణిచిపెట్టి ఉంచుతుంది. ఆక్సిన్ అనే పదార్థం కొన నుంచి కిందికి దిగుతూ ఆ పెత్తనం చేస్తుంది. కొన పోయిందంటే పక్క మొగ్గలకి స్వేచ్ఛ వచ్చినట్టే. ఇదంతా కాండం పెన్సిలంత ఉన్నప్పుడు గోటితో అయిపోయే పని. నేను వదిలేశాను కాబట్టి మా మామిడి పక్కచూపులు చూడకుండా నిటారుగా మేడ మీదికి పోయింది.

వదిలేయడానికి నా దగ్గర పెద్ద ఆధారమే ఉంది. మసనోబు ఫుకువోకా. జపాన్‌లో 1975లో వచ్చిన ఆయన పుస్తకం మనకి 'గడ్డిపరకతో విప్లవం'గా తెలుగులో ఉంది. దున్నొద్దు, ఎరువులెయ్యొద్దు, కలుపు మందు కొట్టొద్దు అన్నాడు మహానుభావుడు. చదువుతుంటే రిటైరైనవాడికి ఇంతకన్నా అనుకూలమైన తత్వం ఇంకోటి లేదనిపించింది. పడకకుర్చీలో కూర్చుని ప్రకృతి వ్యవసాయం చేసేశాను. జామ కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి లోపల చీకటి కమ్మింది. ఆకుల అడుగున పిండినల్లి తెల్లగా పేరుకుంది. బత్తాయి ముళ్ళు దండెం మీది చీరల్ని చింపడం మొదలుపెట్టాయి. "ప్రకృతికి ఎవరు కత్తెర వేస్తున్నారు, అడవిలో చెట్లు కాయడం లేదా?" అని మా ఆవిడకి ఉపన్యాసం ఇచ్చాను.

ఆ పుస్తకం నేను సరిగ్గా చదవలేదు. నాకు నచ్చిన చోట అడ్డగీత పెట్టుకుని మడిచేశాను. ఫుకువోకా తన తండ్రి నారింజ తోటని ఇలాగే కత్తిరించకుండా వదిలేశాడనీ, కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి, చెట్లు ఎండిపోయాయనీ అందులో ఆయనే ఒప్పుకున్నాడు. విత్తు నుంచి దాని మానాన పెరిగిన చెట్టు వేరు, మనిషి చెయ్యి పడ్డ చెట్టుని తరవాత గాలికి వదిలేయడం వేరు, రెండోది సాగు కాదు, అలక్ష్యం అని ఆయన తేల్చిన మాట. కడియం నుంచి తెచ్చిన అంటు మొక్క పుట్టుకే కత్తితో మొదలైంది. దానికి అడవి న్యాయం చెప్పినవాణ్ణి నేను.

ఇక జామ. దీన్ని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా పతనానికి నాంది ఈ చెట్టు దగ్గరే జరిగింది.

మే నెలలో కొబ్బరి దింపుకి వచ్చిన అతను పని ముగించి మజ్జిగ తాగుతూ జామ వైపు చూశాడు. "ఆయ్, ఇది చీకటి పట్టిపోయిందండి. కొంచెం కిందికి దించేదా?" అన్నాడు. నేను ఫుకువోకా పేరు ఎత్తేలోగా మా ఆవిడ తల ఊపేసింది. అతను కత్తి తీసుకుని నడిమధ్యలో అడ్డంగా పోయిన కొమ్మలు తీసేశాడు, మిగతావాటిని సగానికి తగ్గించాడు. చెట్టు లోపలికి ఎండ పడింది. నేను అన్నం సయించనంత బాధపడ్డాను.

తొలకరి చినుకులు పడేసరికి మోడుల మీద చిగుళ్ళు లేచాయి. దగ్గరికెళ్ళి చూస్తే అప్పుడు తెలిసింది నాకు. జామ ముదురు కొమ్మ గుండ్రంగా, నున్నగా ఉంటుందా, కొత్త కొమ్మ అలా ఉండదు. నాలుగు పలకలుగా ఉంటుంది, వేలితో తడిమితే అంచులు తెలుస్తాయి. ఆకులు జతలు జతలుగా ఎదురెదురుగా వస్తాయి. అలా కొన్ని జతలు దాటాక ఆకు కాడ కొమ్మని అంటుకునే ఆ సందులో, ఆకుపచ్చ బొత్తాంలాంటి మొగ్గ. నున్నటి పాత కొమ్మ మీద వెతికితే ఒక్కటి లేదు. ఉన్న పూతంతా ఈ పలకల కొమ్మల మీదే. జామ కాసేది కొత్త కొమ్మకే. కొత్త కొమ్మ రావాలంటే పాతది తగ్గాలి. వేసవిలో తగ్గిస్తే జూన్, జూలైలో పూత, చలికాలంలో కాపు. వానాకాలపు జామకాయ కోస్తే లోపల పురుగులు లుకలుకలాడతాయే, ఆ పండు ఈగ బెడద చలికాలం కాయకి బాగా తక్కువ. ఆ ఏడాది సంక్రాంతికి వచ్చిన మనవలు చెట్టు దిగలేదు.

నాకు తల తిరిగింది. కొత్త కొమ్మకే కాపు, కత్తెరకే ఫలం. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం రుజువు కాదని బోర్డు మీద సుద్దముక్క అరిగేలా రాసినవాణ్ణి, ఒక్క జామచెట్టుని చూసి సృష్టిలో చెట్లన్నిటికీ సూత్రం కనిపెట్టేశాను. బజారుకెళ్ళి ఎర్ర పిడి కత్తెర, మడత రంపం, అల్యూమినియం నిచ్చెన కొనుక్కొచ్చాను. సామాను కొన్నాక పని కల్పించుకోవాలి కదా.

కార్తీకమాసం. ఎండ తీపిగా ఉంది. జనం వనభోజనాలకి చెట్ల కింద చేరి దణ్ణాలు పెట్టుకునే రోజుల్లో నేను మామిడికి నిచ్చెన వేశాను. మా ఆవిడ వాకిట్లోంచి, "ఏవండీ, ఆ దింపు అతన్ని ఒక్క మాట అడక్కూడదూ?" అంది. జామకి పనికొచ్చింది మామిడికి పనికిరాదా అన్నాను. సాయంత్రమయ్యేసరికి నాలుగు మొండి కొమ్మలు ఆకాశం వైపు చేతులెత్తి నిలబడ్డాయి. కింద పడిన రొట్ట మోసుకెళ్ళడానికి ట్రాక్టరు పిలవాల్సొచ్చింది. ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి, "గుండు బాగా కుదిరింది మేష్టారూ, తిరపతి మొక్కా?" అన్నారు. ఆయనకేం తెలుసులే అనుకున్నాను. సంక్రాంతి వెళ్ళాక చూద్దువుగాని అని కూడా అనుకున్నాను.

సంక్రాంతి వెళ్ళింది. వీధిలో ప్రతి మామిడీ పూసింది. ఇటు పక్కింటి బంగినపల్లి, అటు పక్కింటి చిన్నరసం, ఆఖరికి చెత్తకుండీ వెనక ఎవరూ వెయ్యకుండా మొలిచిన టెంకచెట్టు కూడా. మా చెట్టు మాత్రం రాగిరంగు లేతాకులు వేసింది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, వాటిని చూసి "ఇది కాస్త ఆలస్యంగా పూసే రకం" అని నలుగురికీ చెప్పాను. మాఘం పోయింది. ఫాల్గుణం పోయింది. ఉగాది పచ్చడిలోకి మామిడి ముక్క మార్కెట్టు నుంచి వచ్చింది. ఆవకాయ రోజున మా ఆవిడ బజారు కాయని చేత్తో నొక్కి చూసి, పెదవి విరిచి, నా వైపు కాకుండా చెట్టు వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కారణం తెలుసుకున్నాక ఇంకా సిగ్గేసింది, ఎందుకంటే అది చెట్టు ఎప్పుడూ దాచలేదు. జామ ఆకు సందులో పూస్తే మామిడి కొమ్మ చివర పూస్తుంది. ఏ కొమ్మైనా కాదు. వానలకి వేసిన చిగురు ముదిరి, ఆకు దళసరిగా మారి, ఎదుగుదల ఆపి, చలి తగిలాక ఆ కొనమొగ్గ పూత మొగ్గగా మారుతుంది. ఆకు వేసే మొగ్గ సన్నగా, మొన తేలి ఉంటుంది. పూత మొగ్గ లావుగా ఉబ్బి ఉంటుంది. డిసెంబరులో ఏ మామిడి దగ్గరికెళ్ళినా కళ్ళజోడు సర్దుకుని చూడొచ్చు. కార్తీకంలో నేను కోసి పారేసిన ప్రతి కొమ్మ చివరా ఆ ఏడాది ఆవకాయ ఉంది. తెగిన చోట పుట్టిన చిగురు పుష్యమాసానికి పసిది, దానికి పూసే వయసు లేదు. మామిడికి కత్తెర వెయ్యదలిస్తే కాపు దిగిన వెంటనే, జూన్, జూలైల్లో వెయ్యాలి. అప్పుడు వచ్చే చిగురుకి ముదరడానికి చలికాలం దాకా వ్యవధి దొరుకుతుంది. అదైనా ఎండుపుల్లలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు, నడిమధ్య చీకటి చేసేవి మాత్రమే. మొత్తం ఆకుల్లో నాలుగోవంతుకి మించి ఒక్కసారి తియ్యకూడదు. ఆకే కదా చెట్టుకి వంట చేసిపెట్టేది. నేను వంటిల్లు కూలగొట్టి పండగ భోజనం అడిగాను.

అక్కడితో ఆగిందా? లేదు. ఆకుల నీడలో పెరిగిన బెరడు ఒక్కసారిగా పడమటెండకి బయటపడింది. ఏప్రిల్ వచ్చేసరికి కమిలి, పగుళ్ళిచ్చింది. దింపు అతను చూసి, "సున్నం కొట్టాల్సిందండి" అన్నాడు, ఎప్పుడో చెప్పాల్సిన మాట నేను అడగలేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నట్టు. మోడు చుట్టూ గుంపుగా, నిటారుగా పుల్లలు లేచాయి. వీటినే నీటి కొమ్మలంటారు. ఆత్రంగా ఎదుగుతాయిగాని మానుతో గట్టి అతుకు ఉండదు. వైశాఖంలో వచ్చిన ఈదురుగాలికి సగం అతుకు దగ్గరే ఊడి పక్కింటి కారు మీద పడ్డాయి. అది వేరే కథ, డబ్బులతో ముగిసింది.

బత్తాయి విషయం చెప్పకుండా దాటెయ్యాలని ఉంది. కానీ ఇంత ఒప్పుకున్నాక ఇదొక్కటీ దాచి ఏం లాభం. బత్తాయి మొక్కకి కింద వేరు ఒకరిది, పైన తల ఒకరిది. సాధారణంగా రంగపూర్ నిమ్మ మొక్క పెంచి, దాని కాండానికి బత్తాయి కన్ను అంటుకడతారు. కట్టిన చోట చిన్న బొడిపె, కాస్త వంకర కనిపిస్తుంది. ఆ బొడిపెకి కింద ఏది మొలిచినా అది బత్తాయి కాదు, పిలక. కనిపించిన వెంటనే గిల్లేయాలి. మా బత్తాయికి పైన ఉన్న కొమ్మ నీరసంగా, ఆకులు పాలిపోయి ఉండేది. కింద నుంచి ఒక పిలక దిట్టంగా, నవనవలాడుతూ లేచింది. వెనకబడ్డ పిల్లవాడి మీద సమయం వృథా చెయ్యకుండా చురుకైనవాణ్ణి ముందుకు తొయ్యడం నాకు వృత్తిలో అబ్బిన దుర్గుణం. నీరసంగా ఉన్నదాన్ని బొడిపెతో సహా కోసేసి, పిలకకి కర్ర కట్టి, వర్మీకంపోస్టు వేసి పెంచాను.

అది కాసింది కూడా. చిన్న కాయలు, పండితే కమలాలంత ఎర్రగా. బత్తాయి ఇంత ఎర్రగా ఉండదే అని మా ఆవిడ అంటే, మన నేల సారం అన్నాను. మా వియ్యంకుడుగారు వచ్చిన రోజున పెరట్లోకి తీసుకెళ్ళి, నా చేత్తో కోసి, ఒలిచి, తొనలు పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. ఆయన పెద్దమనిషి. తొన నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే ఉండి, మింగేసి, "మీ బత్తాయి మంచి ఆరోగ్యంగా ఉందండి బావగారూ" అన్నారు. రెండో తొన ముట్టుకోలేదు. ఇప్పుడా చెట్టు కాయల్ని మా ఆవిడ పులిహోరలో పిండుతోంది. పులిహోర బాగానే ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

కోత కొయ్యడం కూడా నాకు రాలేదు. లావు కొమ్మని పై నుంచి రంపంతో కోస్తూ పోతే, సగం దాటాక కొమ్మ తన బరువుకి తనే విరిగి, మాను బెరడు నా మోచేయి పొడుగున చీల్చుకుంటూ కింద పడింది. ముందు కింది వైపు నుంచి, మానుకి జానెడు దూరంలో కొంత లోతు కొయ్యాలి. తరవాత దానికి ఇంకాస్త అవతల పై నుంచి కోస్తే కొమ్మ చీలకుండా పడిపోతుంది. మిగిలిన మొండిముక్కని చివర్న తియ్యాలి. ఎక్కడికి తియ్యాలన్నది ఇంకో చిక్కు. కొమ్మ మానుని కలిసే చోట ముడతలు పడి కాస్త ఉబ్బిన పట్టీ ఒకటి ఉంటుంది. ఆ పట్టీని ముట్టుకోకుండా, దానికి అవతల అంచున కొయ్యాలి. నేను కొన్నిచోట్ల నున్నగా ఉండాలని మానుకి సమానంగా చెక్కేశాను, ఆ పట్టీ కూడా పోయింది. కొన్నిచోట్ల చొక్కా తగిలించుకునేంత మొండిముక్కలు వదిలాను, అవి ఎండి, కుళ్ళు లోపలికి దిగింది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే ఆయన వేల చెట్లను రంపంతో నిలువునా చీల్చి చూసి, 1970లలో ఒక సంగతి తేల్చాడు. చెట్టుకి గాయం మానదు. మన చర్మంలా పాత కణాలు బాగుపడవు. గాయం చుట్టూ చెట్టు గోడ కట్టుకుని, దాన్ని లోపలే బంధించి, పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. ఆ గోడ బలమంతా ఆ ఉబ్బిన పట్టీలోనే ఉంది.

నేను గాయాల మీద గేటుకి వెయ్యగా మిగిలిన ఎనామిల్ పెయింటు పూశాను. పచ్చరంగు. షైగో అయితే గాయాలకి పైపూతలేవీ కుళ్ళు ఆపవన్నాడు. మన ఉద్యానశాఖవాళ్ళు మాత్రం వానాకాలంలో పెద్ద కోతలకి బోర్డో పేస్టు పుయ్యమంటారు. మన తేమకి, మన శిలీంధ్రాలకి లావు కోతల వరకూ పుయ్యడమే మేలని నా మాట. ఫ్రాన్సులో బోర్డో దగ్గర దారిన పోయేవాళ్ళు ద్రాక్ష కోసుకుతినకుండా రైతులు రోడ్డువార తీగలకి మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవాళ్ళట. ఆ తీగలకి తెగులు రాకపోవడం మిలార్డే అనే ప్రొఫెసరు గమనించి, 1885లో లోకానికి చెప్పాడు. దొంగల భయంతో పుట్టిన మందన్నమాట. పేస్టుకి వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, వంద గ్రాముల పొడిసున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, మైలుతుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలో పోస్తూ కలియబెట్టాలి. ఏ రోజుది ఆ రోజే వాడాలి. ప్లాస్టిక్కు బకెట్టు వాడాలని కూడా రాసి ఉంటుంది. సున్నం సరిపోయిందో లేదో చూడటానికి ఇనప చాకు ముంచి చూడమంటారు, ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలనట్టు. నాకు చాకుతో పని పడలేదు. నేను మైలుతుత్తం కలిపింది ఇనప బకెట్లో. బకెట్టే చెప్పేసింది.

సీతాఫలం ఒక్కటీ నా చేతుల్లోంచి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఎండాకాలం మొదట్లో ఆకంతా రాల్చేస్తే చచ్చిపోయిందనుకుని రంపం పట్టుకెళ్ళాను. మా ఆవిడ అడ్డం వచ్చి, గోటితో బెరడు గీకి చూపించింది. లోపల పచ్చగా ఉంది. అది దాని అలవాటట, ఏటా అంతేనట. ఆవిడకి ఎలా తెలుసని అడిగాను. చూస్తుంటే తెలుస్తుంది అంది.

మామిడి ఆ మరుసటి ఏడాదే కొద్దిగా పూసింది. ఇప్పుడు మేడ దిగి, నిచ్చెన లేకుండా అందేంత ఎత్తులో ఉంది. నర్సరీ అతను మొదట చెప్పిన ఎత్తు ఇంచుమించు అదే, కాకపోతే ఆయన చెప్పినట్టు చేసి ఉంటే మానుకి ఈ మచ్చలుండేవి కావు. ఆఖరి కాయ జాడీలోకి వెళ్ళాక, జ్యేష్ఠంలో, దింపు అతను పక్కన నిలబడి వేలు చూపించిన కొమ్మే కోస్తాను. అతను లేని రోజున మా ఆవిడ కత్తెర బీరువాలో పెట్టి తాళం వేస్తోంది.

మొన్న వీధి చివర కొత్తగా దిగిన కుర్రాడొకడు వచ్చాడు. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. "అంకుల్, చెట్లు కట్ చెయ్యడంలో మీరు ఫేమస్ అట కదా" అన్నాడు. ఎవరు చెప్పారో అడగలేదు. వాళ్ళింట్లో సపోటా ఉందట, ఎలా కత్తిరించాలో చెప్పమన్నాడు. వెళ్ళి చూశాను. చక్కగా గొడుగులా ఉంది. సపోటాకి కత్తెర పెద్దగా అక్కర్లేదు నాయనా, నిదానంగా పెరిగే చెట్టు, ఎండుపుల్లలు తీసెయ్యి, అంటు కింద నుంచి పిలకలు లేస్తే గిల్లెయ్యి, అంతే అన్నాను. అబ్బాయి మొహం చిన్నబోయింది. కత్తెర, రంపం, చేతికి తొడుగులు అన్నీ అప్పటికే ఆన్‌లైన్‌లో తెప్పించేశాడట.

"జామ ఉందా?" అన్నాను.

లేదన్నాడు.

"కడియం వెళ్ళి ఒకటి తెచ్చుకో" అన్నాను.